మైనం కలిపిన ఐదో సీసా

వాగు మట్టిలోంచి ప్లాస్టిక్‌ను పైకి తేల్చడం మా తేటమ్మ సాధించిన మొదటి గెలుపు. ఈ ముక్క ముందే రాసి పెట్టాలి. తర్వాత జరిగిన గొడవలన్నీ విని జనం అసలు సంగతి మరిచిపోతారు.

అప్పటికి ఆమె నీటి పరీక్షల ల్యాబులో అందరికంటే చిన్న ఉద్యోగి. నీళ్లలో ఉప్పెంత, సున్నమెంత, క్రిములెన్ని అని చూడడమే అక్కడి పని. మట్టిలో కంటికి ఆనని ప్లాస్టిక్ ముక్కలుంటాయని ఆమె అన్నప్పుడు పక్క బల్లల వాళ్లు పకపకా నవ్వారు. "ఉంటే చూపించమ్మా, నిన్ను దండేసి ఊరేగిస్తాం" అన్నారు. ఆమె బకెట్టు పట్టుకుని వాగుకు పోయి మట్టి తెచ్చింది. ఆకూ అలమూ కరిగిపోయేలా మందు పోసింది. ఇక కరగదు అనేంత వరకు నీళ్లలో ఉప్పు కలిపి, ఆ చిక్కటి ఉప్పునీళ్లలో మట్టిని ముంచింది. మట్టి అడుక్కి పోవాలి, ప్లాస్టిక్ పైకి రావాలి. మొదట్లో ఏదీ తేలలేదు, గాజు పాత్రంతా కాఫీ రంగు తిరిగింది. ఉప్పు చాలలేదని మళ్లీ, కదిలిందని మళ్లీ, మూత పెట్టలేదని మళ్లీ. చివరికి ఒక రోజు పైన సన్నటి తెట్టు కట్టింది. దాన్ని కాగితం మీద వడకట్టి మైక్రోస్కోపు కింద పెడితే నీలి పోగులు, తెల్ల పెచ్చులు, ఒక పచ్చటి చుట్ట. సూదిని మంటలో ఎర్రగా కాల్చి తాకిస్తే ఆ పచ్చటి చుట్ట ముడుచుకుని కరిగిపోయింది. ఆకు ముక్కయితే మాడేది గానీ కరిగేది కాదు. ఆమె వేసిన కేకకు, పాము దూరిందనుకుని పక్క గదిలో వాళ్లు కుర్చీలెక్కారు. దండ మాత్రం ఎవరూ వేయలేదు.

తేటమ్మ అన్నది ఇంట్లో పెట్టిన ముద్దుపేరు. చిన్నప్పుడు గ్లాసులో నీళ్లిస్తే తాగకుండా వెలుతురుకు ఎత్తి చూసేది. "ఇందులో ఏదో ఉంది" అనేది. నీళ్లు తేటపడ్డాక తాగేది. అందుకే తేటమ్మ అయింది. వాళ్లమ్మ అప్పుడే అంది, దీనికి అత్తింట్లో ఎవరూ నీళ్లివ్వరని. అత్తింట్లో ఇస్తున్నారు. ఆమె ఇప్పటికీ ఎత్తి చూస్తూనే ఉంది.

ఆమె చేసిన పనులు చెప్పుకోవాలంటే చాలా ఉన్నాయి. వాన నీళ్లలో ప్లాస్టిక్ ఉందని ఆ ప్రాంతంలో మొదట చూపించింది ఆమె. వంటల్లో వేసుకునే ఉప్పులో ఉందని చూపించిందీ ఆమే. ఆ ఏడాది చుట్టాలందరూ ఆమె ఇంటికి భోజనానికి రావడం తగ్గించారు. ఒకదాని కింద ఒకటి అమర్చిన స్టీలు జల్లెడలు ల్యాబుకు సాధించింది. ల్యాబులో అందరికీ నారింజ రంగు నూలు కోట్లు కుట్టించింది. ఒంటి మీది బట్ట నుంచి పోగు రాలి నమూనాలో పడితే దాని రంగే పట్టిస్తుంది. ఆ కోట్లతో టీ తాగడానికి బయటకు వస్తే గుమ్మడికాయలు వచ్చాయని వీధిలో వాళ్లు నవ్వేవాళ్లు. ప్రతి నమూనా పక్కనా తడి కాగితం పరిచిన ఖాళీ పళ్లెం ఒకటి పెట్టించింది. గాలిలోంచి ఏం రాలినా అందులో పడాలి, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఆమె కింద నేర్చుకున్న వాళ్లు ఇప్పుడు మూడు ల్యాబుల్లో బల్లలకు పెద్దలు.

ఇవన్నీ చదువు మీది ప్రేమతో చేసిందనుకుంటే పొరపాటు. ఇందులో సగం పగతో చేసింది.

ఆ పగ ఒక శాలువాతో మొదలైంది. వాగు ఎగువన వలలూ తాళ్లూ నేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని తూము కింద తీసిన మట్టిలో నీలి పోగులు కుప్పలుగా దొరికాయి. తేటమ్మ లెక్క రాసిచ్చింది. మున్సిపాలిటీ హాల్లో విచారణ పెట్టారు. చేపలు పట్టే వాళ్లు, వీధి వాళ్లు, ఫ్యాక్టరీ వాళ్లు, అందరూ వచ్చారు. ఫ్యాక్టరీ తరఫున ఒక ప్రొఫెసరు వచ్చాడు. పెద్ద ల్యాబుకు అధిపతి, తెల్ల గడ్డం, మెత్తని గొంతు. ఆయన లేచి ఒకే ప్రశ్నతో మొదలుపెట్టాడు.

"అమ్మా, మీరు ల్యాబులో ఏం వేసుకుని పనిచేస్తారు?"

"మామూలు బట్టలే సార్. చలికాలం గనక పైన ఈ శాలువా."

అది నీలి శాలువా. వాళ్లమ్మ పోయే ముందు ఏడాది తన చేత్తో అల్లి ఇచ్చింది. ప్రొఫెసరు ఆమె దగ్గరికి నడిచి వచ్చి, అడగకుండానే శాలువా అంచు పట్టుకుని, ఒక పోగు లాగి, కిటికీ వెలుతురుకు ఎత్తాడు.

"వాగులో దొరికిన పోగు ఇదిగోనండీ" అన్నాడు.

హాలంతా గొల్లుమంది. చేపలు పట్టే వాళ్లు కూడా నవ్వారు. అది ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"పక్కన ఖాళీ పళ్లెం పెట్టి చూశారా తల్లీ? గాలిలోంచి ఏం రాలుతుందో?"

"లేదు సార్."

"లేదు" అన్నాడాయన, హాలు వైపు తిరిగి. ఇంకేం అనలేదు. అనాల్సిన పనీ లేకపోయింది. ఫ్యాక్టరీ తప్పేమీ లేదని తేల్చేశారు.

ఇంటికొచ్చి ఆమె శాలువా పోగొకటి సూదితో కాల్చింది. కరగలేదు. మాడి, వెంట్రుకలు కాలిన కంపు కొట్టింది. ఉన్ని. వాగు పోగులు కాలిస్తే కరిగి బొట్టుగా అయ్యాయి. రెంటికీ రంగొకటే గానీ జాతి వేరు. రెండు పోగులూ రెండు గాజు ముక్కల మధ్య పెట్టుకుని ప్రొఫెసరు ల్యాబుకు పరిగెత్తింది. ఆయన వరండాలో ఎదురయ్యాడు.

"సార్, ఇది చూడండి. శాలువా పోగు ఉన్ని, మాడింది. వాగులోవి కరిగాయి. మీ దగ్గర పరారుణ కాంతి యంత్రం ఉంది కదా, అందులో పెడితే క్షణంలో తేలిపోతుంది."

ఆయన గాజు ముక్కల వంక చూడనైనా చూడలేదు.

"ఎవరు చెప్పారు కరిగాయని? నీ సూదా? సూదికి ఏం తెలుసమ్మా?" అని ముందుకు నడిచాడు. నడుస్తూ నడుస్తూ వెనక్కి తిరిగి, "శాలువా మాత్రం బాగుంది" అన్నాడు.

అప్పటి నుంచి ఊరికి ఆమె శాలువా మేడం. కూరల బండి వాడు కూడా "శాలువా మేడం గారూ, వంకాయలు లేతగా ఉన్నాయి" అనేవాడు. అతనికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియదు. మర్యాద పేరే అనుకున్నాడు. ఆమె నవ్వి వంకాయలు తీసుకునేది. ఇంటికొచ్చి వాటిని తరిగే తీరు చూస్తే ఎవరైనా రెండడుగులు వెనక్కి వేయాల్సిందే.

భర్త ఫోటో స్టూడియో నడుపుతాడు. సరదా మనిషి. "నువ్వు చూసేవన్నీ దుమ్ము కంటే చిన్నవి. నీ కోపం మాత్రం గోడకు తగిలించే సైజులో ఉంది" అనేవాడు.

"ఫ్రేము కట్టించండి" అనేది ఆమె.

శాలువా మడిచి బీరువాలో పెట్టేసింది. మళ్లీ కప్పుకోలేదు. ఏళ్లు గడిచాయి. ఈలోగా ప్రొఫెసరు పేరు మోగిపోయింది. ఆయన కనిపెట్టిన పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. నమూనా మీద ఒక గులాబీ రంగు మందు చల్లుతారు. అది ప్లాస్టిక్‌కు అంటుకుంటుంది. నీలి దీపం వేస్తే చీకట్లో ప్లాస్టిక్ ముక్కలన్నీ మిణుగురుల్లా వెలుగుతాయి. కెమెరా ఫోటో తీస్తుంది, కంప్యూటరు లెక్కపెడుతుంది. కళ్లు పోగొట్టుకుని సూది పట్టుకు కూర్చునే వాళ్ల పని అది నిమిషాల్లో చేసేస్తుంది. "రంగు అబద్ధం చెప్పదు" అని ఆయన ప్రతి సభలోనూ అనేవాడు. ఆ మాట వాళ్ల ల్యాబు గోడ మీద కూడా రాయించాడు.

తేటమ్మ ఆయన రాసిన ప్రతి వ్యాసమూ చదివింది. భక్తులు కూడా అంత శ్రద్ధగా చదవరు. ఎక్కడ సందుందా అని వెతికింది. దొరికింది. ఆ రంగుకు ప్లాస్టిక్ అంటే ఇష్టమన్నది నిజమే. కానీ దానికి అసలు ఇష్టం జిడ్డు మీద. కొవ్వున్నా, నూనె ఉన్నా, మైనం ఉన్నా అంతే ఆప్యాయంగా అంటుకుంటుంది, అంతే వెలుగుతుంది. ఆ సంగతి ఆయనా రాశాడు, చివర్లో, చిన్న అక్షరాల్లో.

సందు దొరికినా దూరే దారి దొరకలేదు చాలాకాలం. దాన్ని ఆమె చేతికి ఇచ్చింది ల్యాబు ఇన్‌ఛార్జే. మరో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి, ఎవరితోనూ గొడవ పెట్టుకోడు.

"అమ్మా, పై నుంచి ఒక పని వచ్చింది" అన్నాడు. "తలో ల్యాబు తలో పద్ధతిలో లెక్కపెడుతోంది, ఒకరి అంకె ఒకరికి కుదరడం లేదు. అందుకని తొమ్మిది ల్యాబులకూ ఒకే రకం సీసాలు పంపుతారట. లోపల ఎన్ని ముక్కలున్నాయో తయారుచేసిన వాళ్లకే తెలుసు. ఎవరి పద్ధతి ఎంత నిజం చెబుతుందో పోల్చి చూసి, సభ పెట్టి అందరి ముందూ చదువుతారు. ఆ సీసాలు తయారుచేయడం గొడ్డు చాకిరీ. మన వల్ల కాదని రాసేద్దామా..."

"నేను చేస్తాను."

"పూర్తిగా విను. ముక్కలు కొట్టాలి, జల్లించాలి, ఒక్కోటీ లెక్కపెట్టి..."

"ఆ ప్రొఫెసరు గారి ల్యాబు ఉందా తొమ్మిదిలో?"

"ఉంది."

"నేను చేస్తానండీ. ఫలితాలు కూడా నేనే చదువుతాను."

ఇన్‌ఛార్జి ఆమె మొహం చూసి, ఎందుకని అడగలేదు. ఒక్క షరతు పెట్టాడు. వాళ్ల ల్యాబు కూడా తొమ్మిదిలో ఒకటి గనక సీసాల్లో ఏముందో లోపలి వాళ్లెవరికీ చెప్పకూడదు, తమ ల్యాబు లెక్క జరిగే గదిలోకి ఆమె అడుగు పెట్టకూడదు.

పని మొదలైంది. మట్టిని కొలిమిలో ఎర్రగా కాల్చి అందులో ఏదీ మిగలకుండా చేసింది. ప్లాస్టిక్ సీసా మూతలు, సంచులు, తాళ్లు చలిపెట్టెలో బాగా గడ్డకట్టించి, పెళుసెక్కాక మరలో కొట్టి జల్లెడ పట్టింది. మొదటి సీసాలో పెద్ద ముక్కలు. రెండో దాంట్లో సన్నటి పొడి. మూడో దాంట్లో పోగులు. నాలుగో దాంట్లో కాల్చిన మట్టి తప్ప ఏమీ లేదు. ఐదో దాంట్లో ప్లాస్టిక్ ఒక్క ముక్కయినా లేదు గానీ వాగు మట్టిలో మామూలుగా ఉండేవన్నీ ఉన్నాయి. నత్తగుల్ల పెచ్చులు, ఊక, పురుగుల రెక్కలు. ఇంకొకటి కలిపితే ఆమె చేయాలనుకున్న పని పూర్తవుతుంది. దానికోసం పెద్దనాన్న కొట్టుకు వెళ్లింది.

పెద్దనాన్న పుస్తకాలు కుట్టే మనిషి. ఊరి బడిలో నేర్చిన నాలుగక్షరాలతో ఎన్ని వేల పుస్తకాలకు అట్టలు కట్టాడో. ఆయన బల్ల నిండా జిగురు, సూదులు, దారం కండెలు. దారం నునుపెక్కడానికి తేనెమైనం ముద్ద మీద లాగుతాడు. ఆ ముద్ద దశాబ్దాల గీతలు పడి చెక్కిన బొమ్మలా ఉంటుంది.

"పెద్దనాన్నా, మైనం కొంచెం ఇస్తావా?"

"నీకెందుకే అమ్మడూ? జల్లెడలకు పూస్తావా?"

ఆమె చెప్పింది. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. శాలువా సంగతి ఆయనకు కొత్త కాదు. వాళ్లమ్మ ఆ ఉన్ని కొన్న రోజు పక్కనే ఉన్నాడు.

"అయితే ఆ గడ్డపాయన సీసాలో రెండు గుప్పెళ్లు ఎక్కువ పడెయ్. మిగతా వాళ్లనెందుకు ఏడిపించడం?"

"వద్దు పెద్దనాన్నా."

"ఏం, జాలా?"

"జాలేంటి! ఆయనకొక్కడికే వేస్తే రేపు లేచి, నాకు వేరే సీసా ఇచ్చింది, కక్ష కట్టింది అంటాడు. నవ్వేది ఆయన, తల దించుకునేది నేను. అందరికీ ఒకటే పెడతాను. రవ్వంత తేడా ఉండదు. ఆయనకు చెప్పుకోడానికి సాకు మిగలకూడదు."

"నీలో ఇంత విషం ఎక్కడిదే?" అన్నాడు పెద్దనాన్న, మురిసిపోతూ. ముద్దను సగానికి కోసి ఇచ్చాడు.

ఆ మైనాన్ని చల్లబరిచి, తురిమి, ప్లాస్టిక్ ముక్కలంతే సైజుకు జల్లించింది. అడిగిన వాళ్లకు చెప్పడానికి జవాబు ఉంది. వాగు మట్టిలో ఆకుల మీది మైనం, జంతువుల కొవ్వు ఉండనే ఉంటాయి. అవి లేని మట్టితో పరీక్ష పెడితే అది పరీక్షే కాదు. ప్రతి ఐదో సీసాలోనూ లెక్కపెట్టి రెండు వందల ముప్పై ముక్కలు వేసింది. ఒంటికి నారింజ కోటు, ముక్కుకు గుడ్డ, పక్కన ఖాళీ పళ్లెం. ఏ వైపు నుంచీ ఎవరూ వేలెత్తకూడదు. సీసాలు మూతలేసి, సీళ్లు వేసి, తొమ్మిది పెట్టెల్లో పంపేసింది. ప్రొఫెసరు పెట్టెను తనే స్వయంగా కొరియరు ఆఫీసుకు మోసుకెళ్లింది. పెళ్లికూతురిని పంపుతున్నంత జాగ్రత్తగా చేతిలో పెట్టింది.

తర్వాతి రోజుల్లో ఆమె హుషారు చూసి స్టూడియోకు వచ్చేవాళ్లు కూడా పలకరించారు. ఒక్కతే ఉన్నప్పుడు సభను ఊహించుకునేది. నీలి దీపం కింద ఐదో సీసా మిణుగురుల్లా వెలిగిపోతుంది. రెండొందల పైచిలుకు ప్లాస్టిక్ ముక్కలని ఆయన సంతకం పెట్టి పంపుతాడు. అప్పుడు ఆ హాల్లో ఎవరో ఒకరు అంటారు, మైనం సారు అని. ఒక్కరంటే చాలు. పేర్లు ఎలా అతుక్కుంటాయో ఆమెకు తెలుసు. ఆయన వాకింగుకు వెళ్లినా, బ్యాంకుకు వెళ్లినా, మైనం సారు. చచ్చేదాకా మైనం సారు.

ఒక మధ్యాహ్నం టీ గిన్నె దగ్గర, ల్యాబులో అందరూ కళ్లజోడు అని పిలిచే పిల్ల ఎదురైంది. ఆమె ల్యాబులో సూది పనికి ఈ పిల్లే పెద్ద. తేటమ్మ చెక్కి నిలబెట్టిన మనిషి, మైక్రోస్కోపు ముందు కూర్చుంటే భోజనం మరిచిపోయే రకం.

"మేడం, సీసాల్లో ఏముందో అడగనులెండి" అంది నవ్వుతూ. "కానీ ఆ ఐదోది భలే ఉంది. నాలుగో దాంట్లో ఏమీ లేక విసుగొచ్చింది. దీంట్లో అనుమానమొచ్చి తాకించిన ప్రతి ముక్కా కరిగిపోతోంది!"

తేటమ్మ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది.

మైనం కరుగుతుంది. సూది తాకితే ప్లాస్టిక్ కంటే తొందరగా కరుగుతుంది. ఈ సంగతి ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఎవరికి తెలియదు? కానీ ఇన్ని నెలలూ ఆమె కళ్లకు ఆ గులాబీ రంగు ఒక్కటే కనబడింది. ఆయనకు తవ్విన గోతిలో తన సొంత ల్యాబు పడబోతుందన్న ఆలోచనే రాలేదు.

"పట్టకారుతో నొక్కి చూశావా?" అన్న మాట గొంతు దాకా వచ్చింది. నొక్కితే మైనం మెత్తగా అణిగిపోతుంది, గుట్టు తెలిసిపోతుంది. కానీ నొక్కకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. నొక్కితే ముక్క విరిగి రెండవుతుంది, లెక్క పెరుగుతుందని ఆమే బోర్డు మీద రాసి, ఎర్రటి గీత కొట్టింది. కళ్లజోడు ఆ నియమాన్ని ఒక్కనాడూ తప్పలేదు. ఇప్పుడు ఒక్క మాటన్నా పరీక్ష మొత్తం చెడుతుంది.

"మేడం? టీ చల్లారిపోతోంది."

"చల్లారనీ" అంది తేటమ్మ. వెళ్లి తన గది తలుపు వేసుకుంది. సూదికి ఏం తెలుసమ్మా? వరండాలో విన్న ఆ గొంతు, ఆ గడ్డం, మళ్లీ కళ్లెదుటే ఉన్నట్టయింది. ఇన్నేళ్లూ ఆ మాటను అబద్ధం చేద్దామనుకుంది. చేయబోయి తన చేత్తోనే నిజం చేసింది. ఆయన మీద కోపం తగ్గలేదు సరికదా, ఆయన ఒక్క మాటలోనైనా సరిగా ఉన్నందుకు ఇంకా మండింది.

ఫలితాలు వచ్చాయి. పరారుణ కాంతి యంత్రంతోనే లెక్కపెట్టే వేరే ల్యాబు ఒకటి ఒక్కో ముక్క మీదా కాంతి వేసి, దేన్నుంచి ఎలాంటి గుర్తు వస్తుందో చూసి, ఐదో దాంట్లో ప్లాస్టిక్ లేదు, ఉన్నది తేనెమైనం అని పేరుతో సహా రాసింది. కానీ అందరికంటే ఆలస్యంగా పంపింది, రెండో సీసాలోని సన్నపొడి దానికి సగం కూడా కనిపించలేదు. కాల్చి, వచ్చిన ఆవిరిని బట్టి బరువు చెప్పే ల్యాబుకు పొడి ఎంతుందో బాగానే దొరికింది. అది ముక్కలు ఎన్నో చెప్పలేదు, మైనాన్ని కొంత పాలిథీన్ కింద జమ కట్టింది. రెండో సీసాలో అందరికంటే నిజానికి దగ్గరగా వచ్చింది ఎవరో చూసి తేటమ్మకు ఒళ్లు భగ్గుమంది. ప్రొఫెసరు ల్యాబు. ఇక ఐదో సీసా. తన ల్యాబు సూది రెండు వందల ఇరవై ఎనిమిది ప్లాస్టిక్ ముక్కలంది. ప్రొఫెసరు రంగు మైనంతో ఆగలేదు, పురుగు రెక్కల్నీ కలుపుకుని మూడు వందల తొంభై అంది.

ఇన్‌ఛార్జి కాగితం చూసి చెమటలు తుడుచుకున్నాడు.

"అమ్మా, ఐదోది తీసేద్దాం. దార్లో కొన్ని సీసాలు పగిలాయని చెప్పు. ఎవరడుగుతారు?"

"ఒక్కటీ పగల్లేదండీ."

"అది నాకూ తెలుసు. నాలుగు సీసాలు చదివితే మనకి మంచి పేరే. ఐదోది చదివావంటే మన ల్యాబు లెక్కలన్నీ మళ్లీ తవ్వుతారు. నేను దిగిపోయాక ఈ కుర్చీ నీదే అని పైవాళ్లు అనుకుంటున్నారు. లేనివి రెండొందలు కనిపించిన ల్యాబుకు నిన్ను పెద్దను చేస్తారా? ఆలోచించు."

"ఐదోది తీసేస్తే ఆయన ఏమవుతాడు?"

"ఏమవుతాడు? రెండో సీసాలో మొదటివాడు. సన్మానం చేస్తారు."

"శాలువా కప్పుతారు" అంది తేటమ్మ.

ఇన్‌ఛార్జి చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"ఐదోది చదువుతాను. ముందు మనదే చదువుతాను. మన ల్యాబు పేరు, మన అంకె, గట్టిగా. సూది తప్పు చెప్పిందని నా నోటితో నేనే అంటాను. ఆ తర్వాత ఆయనది చదువుతాను. అప్పుడు కక్ష అనే మాట ఆయన నోట్లోంచి ఎలా వస్తుందో చూస్తాను."

"నీ కుర్చీ?"

"నిలబడి పనిచేయడం నాకు అలవాటే."

కళ్లజోడుకు ఆమే చెప్పింది. పిల్ల మొహం వాడిపోయింది.

"నా వల్లే కదా మేడం మన పరువు పోతోంది?"

"నీ వల్ల కాదు. నొక్కకూడదని రాసింది నేను. వెళ్లి ఆ బోర్డు తుడిచెయ్. రేపటి నుంచి పదింట్లో ఒక ముక్క నొక్కి చూడాలి."

బయల్దేరే ముందు స్టూడియోలో రిహార్సలు వేసింది. భర్తను జనం ఫోటోలు దిగే స్టూలు మీద కూర్చోబెట్టింది. అతను తెల్ల గుడ్డ ఒకటి గడ్డానికి కట్టుకున్నాడు. పెద్దనాన్న సభ. ఒక్కడే అయినా నలుగురి పెట్టు దగ్గుతున్నాడు.

"రెండో సీసాలో అందరికంటే బాగా చేసింది ప్రొఫెసరు గారి ల్యాబు" అని చదివింది తేటమ్మ.

"ఆహా! రంగు అబద్ధం చెప్పదమ్మా" అన్నాడు భర్త గడ్డం సవరించుకుంటూ.

"అదేంటే, వాణ్ణి పొగుడుతున్నావ్?" పెద్దనాన్న లేచాడు.

"కూర్చో పెద్దనాన్నా. ఎంత పైకెక్కిస్తే అంత బాగా పడతాడు." మళ్లీ కాగితం అందుకుంది. "ఐదో సీసా. ఇందులో ప్లాస్టిక్ లేదు. మా ల్యాబు ఉందని చెప్పింది, రెండు వందల ఇరవై ఎనిమిది. సూదికి తెలియలేదు."

మూడు సార్లు అక్కడే ఆగింది. నాలుగోసారి గట్టిగా అనేసింది, పంటి నొప్పి ఓర్చుకున్నట్టు.

"ప్రొఫెసరు గారి ల్యాబు మూడు వందల తొంభై. రంగుకీ తెలియలేదు." కాగితం దించి స్టూలు వంక చూసింది. "లేని ప్లాస్టిక్ ఇంత ఎక్కడి నుంచి వచ్చింది సార్? మీరు ల్యాబులో ఏం వేసుకుని పనిచేస్తారు?"

భర్త గడ్డం ఊడి ఒళ్లో పడింది. నవ్వుదామనుకున్నాడు గానీ ఆమె మొహం చూసి ఆగాడు.

"తర్వాత ఏమంటావు?" అన్నాడు.

"నేనేమీ అనను. ఆ తర్వాత అనేది జనం."

బీరువా తెరిచి నీలి శాలువా తీసింది. మడతల దగ్గర కొంచెం వెలిసింది. దులిపి, అంచు తిప్పి చూసింది. పోగు లాగిన చోట చిన్న సందు అలాగే ఉంది. పెద్దనాన్న కుడతానని సూది తీశాడు.

"వద్దు. ఆయనకు గుర్తుండాలి కదా" అంది.

స్టేషనుకు పెద్దనాన్న, భర్త, కళ్లజోడు ముగ్గురూ వెళ్లారు. రైలు కదిలేటప్పుడు ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. శాలువా భుజాల నిండా కప్పుకుని, ఒళ్లో కాగితాలు పెట్టుకుని, పెదాలు కదిలిస్తోంది. ఆ సూది దగ్గర మాటే మళ్లీ మళ్లీ అనుకుంటోందని ముగ్గురికీ తెలుసు. సభ ఇరవయ్యో తేదీన. ఇన్‌ఛార్జి ఇప్పటికే రెండు సార్లు కబురు చేశాడు, ఇంకా మనసు మార్చుకోవచ్చని చెప్పమని. కబురు ఎవరూ అందించలేదు. పెద్దనాన్న కొట్లో మిగిలిన సగం మైనం ముద్ద బల్ల మీదే ఉంది. వచ్చిన ప్రతివాడికీ దాన్ని చూపించి కథ చెబుతున్నాడు, గడ్డపాయన కొత్త పేరు కూడా ముందే చెప్పేస్తున్నాడు.

తేటమ్మ తిరిగి వచ్చేది నవంబరు ఇరవై రెండో తేదీ, ఉదయం బండికి.